సూపర్ బౌల్ మీద ‘స్వాప్’: ప్రిడిక్షన్ మార్కెట్ల చుట్టూ అమెరికా చట్టాల పేచీ

క్లుప్తంగా: ఎన్నిక, మ్యాచ్, కోర్టు తీర్పు వంటి సంఘటనలపై ‘అవును–కాదు’ కాంట్రాక్టులు నడిపే ప్రిడిక్షన్ మార్కెట్లను అమెరికా ఫెడరల్ నియంత్రణ సంస్థ డెరివేటివ్‌ల (వేరే దాని ధరను, ఫలితాన్ని బట్టి విలువ తేలే ఆర్థిక ఒప్పందాల) లెక్కలో వేస్తోంది. నెవాడా, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలు మాత్రం ఇది లైసెన్సు లేని జూదమే అంటున్నాయి. కోర్టులు రెండు రకాలుగానూ చెప్పాయి. ఈ చిక్కుకు విత్తనం 2000లో చట్టంలోంచి ఒక పరీక్షను తీసేసినప్పుడు, 2010లో ఒక నిర్వచనాన్ని విశాలం చేసినప్పుడు పడింది. భారత్ 2025లో ఈ తర్కంలోకి దిగకుండా, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ తలుపు మూసింది.

## అమ్ముతున్న సరుకు ఏమిటి?

2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ గట్టిగా తగిలినవారిలో ఆంధ్రప్రదేశ్ రొయ్యల రైతులు, ఎగుమతిదారులు ఉన్నారు. అదే ఏడాది నవంబరు 5న ట్రంప్ సుంకాల చెల్లుబాటుపై అమెరికా సుప్రీంకోర్టు వాదనలు విన్నది. ఆ సమయంలో కాల్షి, పాలీమార్కెట్ అనే రెండు వేదికల మీద, కోర్టు సుంకాలను సమర్థిస్తుందా లేదా అన్న ప్రశ్నపైనే కాంట్రాక్టులు చేతులు మారాయి.

లెక్క సులువు. ‘అవును’ కాంట్రాక్టు 30 సెంట్లకు దొరుకుతోందనుకుంటే ‘కాదు’ 70 సెంట్ల చుట్టూ ఉంటుంది. ఫలితం తేలాక నిజమైన వైపు కాంట్రాక్టుకు ఒక డాలరు వస్తుంది, రెండోదానికి సున్నా. మధ్యలో ధర మారుతుంటే ఎవరైనా అమ్ముకుని బయటపడొచ్చు. 30 సెంట్ల ధర అంటే, ఆ క్షణంలో మార్కెట్ ఆ సంఘటనకు 30 శాతం అవకాశం ఇస్తోందని అర్థం. సర్వేల కన్నా ఈ ధరలే ముందుగా గాలివాటం చెబుతాయని వీటి సమర్థకుల వాదన.

అమెరికాలో రొయ్యలు దిగుమతి చేసుకునే కంపెనీ ‘అవును’ కొనిపెట్టుకుంటే, సుంకాలు కొనసాగినప్పుడు వ్యాపారంలో వచ్చే నష్టం కొంత ఇక్కడ పూడుతుంది. అది ఒక రకం బీమా. రొయ్యలతో, సుంకాలతో ఏ సంబంధమూ లేని కాలేజీ కుర్రాడు అదే కాంట్రాక్టు కొంటే అది పందెం. కాంట్రాక్టులో ఒక్క అక్షరం తేడా ఉండదు. మరి చట్టం చూడాల్సింది కొన్నవాడి అవసరాన్నా, కాంట్రాక్టు రాతనా, అది అమ్ముడయ్యే చోటునా? నూట పాతికేళ్లుగా అమెరికా చట్టం ఈ మూడింటి మధ్యా తిరుగుతూనే ఉంది.

బెట్టింగ్‌లో బుకీ రేటు తానే కడతాడు, ఎదుటి పక్షం కూడా తానే. ఆటగాడు ఓడితేనే అతనికి లాభం. ఎక్స్ఛేంజీలో ఒక కొనుగోలుదారుకు ఎదురుగా మరొకరు ఉంటారు, వేదిక రుసుము మాత్రం తీసుకుంటుంది. తమది జూదం కాదనడానికి కంపెనీలు చూపే మొదటి తేడా ఇదే. ఆచరణలో మాత్రం ఆ ఎదుటి వ్యక్తి చాలాసార్లు ససెక్వెహానా వంటి పెద్ద ట్రేడింగ్ సంస్థ. మామూలు మనిషి రెండు డాలర్లు పెట్టి కొనే కాంట్రాక్టులకు అటువైపు ఎప్పుడూ రేటు సిద్ధంగా ఉంచే మార్కెట్ మేకర్ ఉన్నాక, బుకీకీ దానికీ దూరం కంపెనీలు చెప్పినంత ఎక్కువేమీ కాదు.

## డబ్బా ట్రేడింగ్, ఉల్లిగడ్డలు, ఒక పోయిన పరీక్ష

19వ శతాబ్దం చివర అమెరికా పట్టణాల్లో ‘బకెట్ షాపులు’ ఉండేవి. గోధుమల ధర, షేర్ల ధర చూసి అక్కడ డబ్బు కట్టేవారు. అసలు ఎక్స్ఛేంజీలో ఏ కొనుగోలూ జరిగేది కాదు. మన దగ్గర డబ్బా ట్రేడింగ్ అన్నది ఇదే. 1905లో షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వ్యవస్థీకృత ఎక్స్ఛేంజీలో జరిగే ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల) వ్యాపారాన్ని బకెట్ షాపుల పందేల నుంచి వేరు చేసింది. సరుకు చేతికి రాకపోయినా, ధర కుదుర్చుకోవడానికి, నష్టభయం తగ్గించుకోవడానికి ఆ వ్యాపారం పనికొస్తోందన్నది ఆ విభజనకు ఆధారం.

ఆ తర్వాత 1936లో కమోడిటీ ఎక్స్ఛేంజ్ చట్టం, 1974లో కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్, అంటే సీఎఫ్‌టీసీ వచ్చాయి. ఫ్యూచర్స్ మీద ఆ కమిషన్‌కే ‘ప్రత్యేక అధికార పరిధి’ ఉంటుందని 1974 సవరణ చెప్పింది. రాష్ట్రాల పాత జూద చట్టాలు గోధుమల ఫ్యూచర్స్‌కు అడ్డు పడకూడదన్నది అప్పటి ఉద్దేశం. యాభై ఏళ్ల తర్వాత ఫుట్‌బాల్ మ్యాచ్ మీద కాంట్రాక్టులు అమ్మే కంపెనీలు పట్టుకున్న కొమ్మ కూడా అదే.

మధ్యలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కొన్నిటిని పేరుపెట్టి నిషేధించింది. 1955లో ఇద్దరు వ్యాపారులు షికాగో ఉల్లి మార్కెట్టును గుప్పిట పట్టి, తర్వాత ధర కుప్పకూల్చారు. ఉల్లి కన్నా గోనెసంచి ఖరీదైపోయింది. రైతుల ఆగ్రహంతో 1958లో ఉల్లి ఫ్యూచర్స్‌ను చట్టం చేసి మరీ ఆపేశారు, ఆ నిషేధం ఇప్పటికీ అమల్లో ఉంది. 2010లో సినిమా వసూళ్ల ఫ్యూచర్స్‌కు కూడా హాలీవుడ్ ఒత్తిడితో అదే గతి పట్టింది. సీఎఫ్‌టీసీ వాటికి అనుమతిచ్చిన కొద్ది వారాలకే చట్టసభ అడ్డం పడింది. అధ్యక్షుడెవరో పందెం కట్టే దేశంలో ఉల్లిగడ్డ ధర మీద మాత్రం కట్టకూడదన్నది ఈనాటికీ నిలిచి ఉన్న విడ్డూరం.

అసలు మలుపు 2000లో వచ్చింది. అప్పటిదాకా కొత్త ఫ్యూచర్స్ కాంట్రాక్టు తెచ్చే ఎక్స్ఛేంజీ, దానికి ఆర్థిక ప్రయోజనం ఉందని చూపించాల్సి వచ్చేది. కనీసం కొందరు వ్యాపారులైనా దాన్ని ధర నిర్ణయానికో, రక్షణకో వాడుకుంటారని రుజువు కావాలి. 2000 నాటి ఆధునికీకరణ చట్టం ఈ పరీక్షను తీసేసింది. దాంతో పాటు కొత్త కాంట్రాక్టుకు ముందస్తు అనుమతి బదులు, చట్టానికి లోబడే ఉందని ఎక్స్ఛేంజీయే స్వయంగా ధ్రువీకరించి దాఖలు చేసే పద్ధతి వచ్చింది. ఇలా దాఖలు చేశాక మరుసటి పని దినం నుంచే వ్యాపారం మొదలుపెట్టొచ్చు. ఆపాలంటే కమిషనే కదలాలి. అనుమతి అడగాల్సిన బాధ్యత ఎక్స్ఛేంజీ మీద నుంచి తొలగి, అభ్యంతరం చెప్పాల్సిన బాధ్యత కమిషన్ మీద పడింది. సంఘటనలపై నడిచే ఈ ‘ఈవెంట్ కాంట్రాక్టులు’ ఇంత వేగంగా పెరగడానికి టెక్నాలజీ కన్నా ఈ ఒక్క రోజు నియమమే పెద్ద కారణం.

2008 సంక్షోభం తర్వాత వచ్చిన డాడ్–ఫ్రాంక్ చట్టం 2010లో రెండు పనులు చేసింది. బ్యాంకుల చీకటి డెరివేటివ్‌లను వెలుగులోకి తేవడానికి ‘స్వాప్’ (ఒక రకం డెరివేటివ్) నిర్వచనాన్ని బాగా వెడల్పు చేసింది. ఆర్థిక, వాణిజ్య పర్యవసానం ఉండే అవకాశమున్న ఏ సంఘటనైనా జరగడం, జరగకపోవడం, ఏ మేరకు జరిగిందన్నదాన్ని బట్టి చెల్లింపు ఉంటే అది స్వాప్. మరోవైపు, ఉగ్రవాదం, హత్య, యుద్ధం, ‘గేమింగ్’, చట్టవిరుద్ధ కార్యకలాపం వంటివాటికి సంబంధించిన ఈవెంట్ కాంట్రాక్టులు ప్రజాప్రయోజనానికి విరుద్ధమని తోస్తే కమిషన్ ఆపొచ్చని చెప్పింది. ఆపొచ్చు అంది, ఆపాలి అనలేదు. ‘గేమింగ్’ అంటే ఏమిటో చట్టంలో రాయలేదు. ఆ రోజుల్లో సెనేటర్ బ్లాంచ్ లింకన్ సభలో మాట్లాడుతూ, సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్), కెంటకీ డెర్బీ (గుర్రపు పందెం), మాస్టర్స్ గోల్ఫ్ వంటివాటి మీద కాంట్రాక్టులకు నిజమైన వాణిజ్య ప్రయోజనం ఉండదనీ, అవి జూదానికే పనికొస్తాయనీ చెప్పారు. చట్టం ఏమనుకుని చేశారో చెప్పే రికార్డు అది. చట్టం రాతలోకి మాత్రం ఆ స్పష్టత రాలేదు.

## విశ్వవిద్యాలయాల నుంచి వాల్‌స్ట్రీట్ దాకా

మొదట్లో ఇవి ప్రొఫెసర్ల ప్రయోగాలు. 1988లో అయోవా విశ్వవిద్యాలయం ఎన్నికల మార్కెట్ మొదలుపెట్టింది. ఒక్కొక్కరికీ 500 డాలర్ల పరిమితి. చర్య తీసుకోబోమని 1990ల తొలి ఏళ్లలో సీఎఫ్‌టీసీ లేఖ ఇచ్చింది. 2014లో న్యూజిలాండ్‌కు చెందిన విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్ నడిపిన ప్రిడిక్టిట్‌కు 850 డాలర్ల పరిమితితో అలాంటి లేఖే దక్కింది. ఐర్లాండ్ నుంచి నడిచిన ఇంట్రేడ్ మీద 2012లో సీఎఫ్‌టీసీ కేసు వేసింది, మరుసటి ఏడాది అది మూతపడింది. అదే 2012లో నాడెక్స్ అనే ఎక్స్ఛేంజీ ఎన్నికల కాంట్రాక్టులు తెస్తానంటే కమిషన్ ఒప్పుకోలేదు. చిన్న మొత్తాలైతే చూసీచూడనట్టు వదిలేయడం, పెద్దవైతే ఆపడం, ఇదీ అప్పటి పద్ధతి.

2020 నవంబరులో కాల్షికి పూర్తి స్థాయి ఎక్స్ఛేంజీ హోదా దొరకడంతో ఈ సర్దుబాటు చెదిరింది. అనుమతి లేకుండా క్రిప్టో ఆధారంగా నడిచిన పాలీమార్కెట్ 2022 జనవరిలో 14 లక్షల డాలర్ల జరిమానా కట్టి, అమెరికా వినియోగదారులకు తలుపు మూసింది. 2025లో అనుమతి ఉన్న ఒక చిన్న ఎక్స్ఛేంజీని కొనుక్కుని తిరిగి లోపలికి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ మాతృసంస్థ అందులో 200 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి ప్రకటించింది. మూడేళ్ల కిందట జరిమానా కట్టిన సంస్థకు ఇంత పెద్ద పీట దొరకడం వెనక ఒక కోర్టు తీర్పు ఉంది.

## గెలిచిన వాదనే ఎదురు తిరిగింది

ప్రతినిధుల సభ, సెనేట్ ఏ పార్టీ చేతిలో ఉంటాయన్న కాంట్రాక్టులను కాల్షి తెస్తానంటే 2023 సెప్టెంబరులో సీఎఫ్‌టీసీ తిరస్కరించింది. ఎన్నికపై డబ్బు కట్టడం ‘గేమింగ్’ అనీ, చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధమనీ కమిషన్ వాదన. కాల్షి కోర్టుకెళ్లింది. చట్టంలోని గేమింగ్ అంటే ఆటలకు సంబంధించినదే, ఎన్నిక ఆట కాదు అని వాదించింది. ఆ వాదనకు బలంగా, ఆటల కాంట్రాక్టులకు ఉదాహరణలుగా సూపర్ బౌల్, కెంటకీ డెర్బీలనే చూపింది. 2024 సెప్టెంబరులో జడ్జి జియా కాబ్ కాల్షి పక్షాన తీర్పిచ్చారు. అక్టోబరు 2న అప్పీలు కోర్టు స్టే నిరాకరించింది. అధ్యక్ష ఎన్నికకు నెల రోజుల ముందు అమెరికాలో ఎన్నికల కాంట్రాక్టులు బాహాటంగా మొదలయ్యాయి.

నాలుగు నెలలు తిరగకుండానే, 2025 జనవరిలో, కాల్షి ఆటల మీద కాంట్రాక్టులు తెచ్చింది. గేమింగ్ అంటే సూపర్ బౌలే గాని ఎన్నిక కాదన్న సంస్థే సూపర్ బౌల్‌ను అమ్మకానికి పెట్టింది. కంపెనీ తరఫు సమాధానం ఒకటే: గేమింగ్ అయినా సరే, ఆపే అధికారం కమిషన్‌కు మాత్రమే ఉంది, కమిషన్ ఆపలేదు, కాబట్టి రాష్ట్రాలకు మాట్లాడే హక్కు లేదు. చట్టం అక్షరాలను పట్టి చూస్తే ఈ వాదన నిలబడేదే. సెనేట్ రికార్డును పట్టి చూస్తే నిలబడదు. తర్వాతి కేసులన్నీ ఈ రెండు రకాల అర్థాల మధ్యే నడుస్తున్నాయి.

## రాష్ట్రాలకు పోయేది ఏమిటి?

2018లో మర్ఫీ కేసులో సుప్రీంకోర్టు, క్రీడా బెట్టింగ్‌ను అడ్డుకున్న 1992 నాటి ఫెడరల్ చట్టాన్ని కొట్టేసింది. జూదాన్ని అనుమతించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టమైంది. 30కి పైగా రాష్ట్రాలు లైసెన్సులు ఇచ్చి పన్ను వసూలు మొదలుపెట్టాయి. న్యూయార్క్‌లో మొబైల్ బెట్టింగ్ కంపెనీలు స్థూల ఆదాయంలో 51 శాతం పన్ను కడతాయి. నెవాడాలో అది 6.75 శాతం. కనీస వయసు చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లు. వ్యసనపరులు తమను తాము నిషేధిత జాబితాలో చేర్చుకునే ఏర్పాటు, ఆటగాళ్లు, రిఫరీలు పందెం కట్టకుండా నిఘా కూడా లైసెన్సు షరతుల్లో భాగం.

ఫెడరల్ ఎక్స్ఛేంజీకి రాష్ట్రాల జూద పన్ను లేదు. 18 ఏళ్లుంటే చాలు. క్రీడా బెట్టింగ్‌ను ఇప్పటికీ అనుమతించని టెక్సాస్, కాలిఫోర్నియాల్లో కూడా తలుపు తెరిచే ఉంది. డల్లాస్‌లోనో, బే ఏరియాలోనో ఉండే తెలుగు విద్యార్థి ఫోన్‌లో ఆదివారం మ్యాచ్ మీద డబ్బు పెట్టగలుగుతున్నాడంటే, ఆ రాష్ట్రం ఒప్పుకుందని కాదు. రాష్ట్రాన్ని అడగనవసరం లేదని కంపెనీ అంటోంది, అంతే.

కాసినోల హక్కును ఒప్పందాల ద్వారా సంపాదించుకున్న ఆదివాసీ తెగలకు ఇంకో కోణం ఉంది. 1988 నాటి గేమింగ్ చట్టం ప్రకారం తమ భూముల మీద జూదం తమ అదుపులో ఉండాలి. ఆ భూముల మీద నిలబడ్డ మనిషి ఫోన్‌లో కాంట్రాక్టు కొంటే అది ఎవరి అదుపు? కాలిఫోర్నియాలో కొన్ని తెగలు 2025లో ఈ ప్రశ్నతోనే కోర్టుకెక్కాయి.

బెట్టింగ్ కంపెనీలు కూడా గాలి చూసి తెరచాప తిప్పాయి. ఫ్యాన్‌డ్యూయెల్, డ్రాఫ్ట్‌కింగ్స్ 2025 చివర్లో సొంత ప్రిడిక్షన్ వేదికలు తెచ్చాయి. నెవాడా అభ్యంతరం చెప్పడంతో ఆ రాష్ట్రంలో మొదటిది తన లైసెన్సునే వదులుకుంది, రెండోది లైసెన్సు దరఖాస్తును వెనక్కి తీసుకుంది. 51 శాతం పన్ను కట్టే వ్యాపారం పక్కనే పన్ను లేని దారి కనబడుతుంటే లైసెన్సు పట్టుకుని ఎంతకాలం కూర్చుంటారన్నది రాష్ట్రాల ఖజానాలకు అసలు భయం.

## ఒకే ప్రశ్న, నాలుగు కోర్టులు

2025 మార్చిలో నెవాడా, ఆ వెంటనే న్యూజెర్సీ, మేరీలాండ్, మరికొన్ని రాష్ట్రాలు కాల్షికి నోటీసులిచ్చాయి. కాల్షి ఫెడరల్ కోర్టులను ఆశ్రయించింది. ఏప్రిల్‌లో నెవాడాలో, న్యూజెర్సీలో జడ్జీలు రాష్ట్రాలను ఆపుతూ తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు. ఫెడరల్ ఎక్స్ఛేంజీలో నడిచే వ్యాపారం మొత్తం సీఎఫ్‌టీసీ క్షేత్రం, రాష్ట్రాలకు అక్కడ చోటు లేదన్నది వాటి సారం. ఆగస్టులో మేరీలాండ్ జడ్జి దీనికి పూర్తి విరుద్ధంగా చెప్పారు. జూదాన్ని అదుపు చేయడం తరతరాలుగా రాష్ట్రాల పని, దాన్ని లాక్కోవాలన్న ఉద్దేశం కాంగ్రెస్‌కు ఉంటే స్పష్టంగా చెప్పేది అన్నారు.

నెవాడా కథ ఇంకా ఆసక్తికరం. ఏప్రిల్‌లో కాల్షికి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చిన జడ్జి ఆండ్రూ గోర్డన్, అక్టోబరులో క్రిప్టో డాట్ కామ్ అనే మరో వేదిక కేసులో వేరే నిర్ణయానికి వచ్చారు. స్వాప్ నిర్వచనంలో ఉన్నది సంఘటన ‘జరగడం’ గురించి; మ్యాచ్ జరగడం సంఘటన, అందులో ఎవరు గెలిచారన్నది ఆ సంఘటన ఫలితం మాత్రమే, కాబట్టి ఇవి స్వాప్‌లే కావన్నారు. నవంబరులో కాల్షికి ఇచ్చిన పాత ఉత్తర్వునూ ఎత్తేశారు. ఈ విభజన కాస్త సన్నటి దారం. ఎన్నికలో ఎవరు గెలుస్తారన్నది కూడా ఫలితమే కదా అని ఎవరైనా అడగొచ్చు. అయినా నిర్వచనాన్ని అక్షరాలా చదివితే ప్రపంచంలో ప్రతి పందెమూ స్వాప్ అయిపోతుందన్న ఆయన ఇబ్బంది మాత్రం నిజమైనది. అలా చదివితే లాస్ వెగాస్‌లో ప్రతి కాసినో కౌంటరూ చట్టవిరుద్ధంగా స్వాప్‌లు అమ్ముతున్నట్టే లెక్క. ఎందుకంటే మామూలు జనానికి స్వాప్ అమ్మాలంటే గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలోనే అమ్మాలని అదే చట్టం చెబుతోంది.

మసాచుసెట్స్ వేరే ఎత్తు వేసింది. కంపెనీ ఫెడరల్ కోర్టుకు పోకముందే 2025 సెప్టెంబరులో తన రాష్ట్ర కోర్టులోనే కేసు పెట్టింది. 2026 జనవరిలో ఆ కోర్టు కాల్షికి వ్యతిరేకంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది.

ఈ గొడవంతటిలో నియంత్రణ సంస్థ తీరు కూడా గిరగిరా తిరిగింది. 2024 మేలో ఎన్నికలు, ఆటల కాంట్రాక్టులను మొత్తంగా ఆపే నియమాలను ప్రతిపాదించిన సీఎఫ్‌టీసీ, 2025 మేలో ఎన్నికల కేసులో తన అప్పీలును తానే ఉపసంహరించుకుంది. 2026 ఆరంభంలో కొత్త ఛైర్మన్ మైకేల్ సెలిగ్ ఆ పాత ప్రతిపాదనను పక్కన పెట్టారు. ఐదుగురు ఉండాల్సిన కమిషన్ 2025 చివరికి ఆయనొక్కరితో మిగిలింది. అధ్యక్షుడి కుమారుడు డొనాల్డ్ ట్రంప్ జూనియర్ కాల్షికి సలహాదారు, పాలీమార్కెట్ సలహా మండలి సభ్యుడు కూడా. ఇది చట్టపరంగా తప్పని ఎవరూ తేల్చలేదు. విమర్శకుల చేతికి ఆయుధం మాత్రం ఇచ్చింది.

## లోపలి మనిషి, తీర్పరి

చట్ట పరిధి తేలినా రెండు చిక్కులు మిగిలే ఉంటాయి. మొదటిది లోపలి సమాచారం. షేర్ మార్కెట్లో కంపెనీ రహస్యం తెలిసినవాడు వ్యాపారం చేయకూడదు. గోధుమల మార్కెట్లో ఈ నియమం అంత కఠినంగా ఉండేది కాదు. పెద్ద మిల్లు యజమాని తన అవసరం తనకు తెలిసే కొంటాడు, అదే మార్కెట్ ఉద్దేశం. ఈవెంట్ కాంట్రాక్టు ఈ రెంటికీ మధ్య పడింది. 2026 జనవరిలో వెనెజువెలా అధ్యక్షుడు మదురోను అమెరికా సైన్యం పట్టుకోవడానికి కాస్త ముందు, పాలీమార్కెట్లో ఒక ఖాతా ఆయన పదవి పోతుందన్న వైపు డబ్బు పెట్టి 4 లక్షల డాలర్లకు పైగా లాభపడింది. ప్రభుత్వ ఉద్యోగులు రహస్య సమాచారంతో డెరివేటివ్‌లలో వ్యాపారం చేయకూడదని డాడ్–ఫ్రాంక్ చట్టంలో ఇప్పటికే ఉంది. క్రిప్టో వాలెట్ వెనక ఎవరున్నారో కనిపెట్టడమే కష్టం. ఆ ఘటన తర్వాత కాంగ్రెస్‌లో ప్రజాప్రతినిధులు, అధికారులను ఉద్దేశించి ప్రత్యేక బిల్లు వచ్చింది.

ఫలితం ఒక్కరి చేతిలో ఉంటే పరిస్థితి మరీ విచిత్రం. 2025 అక్టోబరులో క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ అధిపతి బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్ తమ త్రైమాసిక ఫలితాల సమావేశంలో ఏయే మాటలు అంటారన్నదాని మీద కాంట్రాక్టులు నడిచాయి. ఆయన అది తెలిసి, చివర్లో బిట్‌కాయిన్, ఎథీరియం, బ్లాక్‌చెయిన్ అంటూ ఆ మాటలన్నీ వరసగా చదివేశారు. సరదాకే చేశారు. తారుమారు చేయడానికి సులువుగా లొంగే కాంట్రాక్టును ఎక్స్ఛేంజీలు పెట్టకూడదని చట్టంలో మూలసూత్రం ఉంది. అలాంటి కాంట్రాక్టుకు ఇంతకన్నా నమూనా దొరకదు.

రెండోది తీర్పరి. కోస్తా జిల్లాల్లో ఎన్నికల పందేలు కాసేటప్పుడు ఇద్దరికీ నమ్మకమున్న మధ్యవర్తి దగ్గర సొమ్ము పెట్టడం ఆనవాయితీ. చట్టం ఒప్పని ఆ పందెంలో కూడా ఫలితం ఎవరు చెప్పాలన్నది ముందే తేల్చుకుంటారు. పాలీమార్కెట్ అంతర్జాతీయ వేదికలో వివాదం వస్తే ఒక క్రిప్టో టోకెన్ ఉన్నవారు ఓటు వేసి తేలుస్తారు. వాళ్లలో ఎవరికైనా అదే కాంట్రాక్టులో డబ్బు ఉండకూడదన్న కట్టుబాటు లేదు. 2025 వేసవిలో యుక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ధరించింది సూటా కాదా అన్నదాని మీద వారాల తరబడి రగడ జరిగింది. ఫెడరల్ ఎక్స్ఛేంజీల్లో ఈ పని ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం ఎక్స్ఛేంజీయే చేస్తుంది, కమిషన్‌కు జవాబు చెప్పాల్సి ఉంటుంది. నియంత్రణ వల్ల మామూలు మనిషికి ఒరిగేది అన్నిటికన్నా ఇక్కడే కనిపిస్తుంది.

మిగతా దేశాల్లో ఇంత గందరగోళం లేదు. బ్రిటన్‌లో ఎన్నికల మీద పందెం పాత అలవాటే. 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ కూడా జనం జనంతో పందెం కాసే ఎక్స్ఛేంజీయే, కాని దానికి లైసెన్సు ఇచ్చేది గ్యాంబ్లింగ్ కమిషన్.  ఫ్రాన్స్ 2024 చివర్లో, సింగపూర్ 2025 జనవరిలో పాలీమార్కెట్‌ను జూదం కింద చూసి కట్టడి చేశాయి.

## భారత్: నైపుణ్యం తర్కానికి ముగింపు

భారత చట్టంలోనూ పందేనికీ డెరివేటివ్‌కూ మధ్య గీత ఎక్స్ఛేంజీ తలుపు దగ్గరే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. సెక్యూరిటీస్ కాంట్రాక్టుల చట్టం 18ఏ సెక్షన్ మాత్రం, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో జరిగే డెరివేటివ్‌లు చెల్లుతాయని ప్రత్యేకంగా చెబుతుంది. అయితే ఇక్కడ మూడో గీత ఒకటి ఉండేది, నైపుణ్యం. దానికి తెలుగు నేలతో ముడి ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనని తేల్చింది. యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ క్రికెట్, చివరికి ఒపీనియన్ ట్రేడింగ్ (ప్రిడిక్షన్ మార్కెట్లకు ఇక్కడి పేరు) అన్నీ ఆ తీర్పు నీడలోనే పెరిగాయి. వార్తలు చదివి, అంచనా వేసి గెలవడం నైపుణ్యమే కదా అన్నది గురుగ్రామ్‌కు చెందిన ప్రోబో వంటి సంస్థల వాదన. అక్కడ అవును, కాదు ధరల మొత్తం 10 రూపాయలు.

బెట్టింగ్, జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం. దాని ఆసరాతో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యం మినహాయింపుతో నిమిత్తం లేకుండా డబ్బుతో ఆన్‌లైన్ ఆటలను ఆపాయి. రమ్మీకి రక్షణ ఇచ్చిన తీర్పు పుట్టిన నేల మీదే ఆ రక్షణ ముందుగా పోయింది.

2025 ఏప్రిల్ 29న సెబీ, ఒపీనియన్ ట్రేడింగ్ వేదికల్లో అమ్ముడయ్యేది సెక్యూరిటీ కాదు కాబట్టి తన పరిధిలోకి రాదని హెచ్చరిక జారీ చేసింది. లాభం, స్టాప్ లాస్ వంటి మాటలు వాడి స్టాక్ మార్కెట్ లాగా కనిపిస్తున్నాయని కూడా చెప్పింది. మాది కాదు అని నియంత్రణ సంస్థ చేతులు కడుక్కున్నాక మిగిలింది జూద చట్టమే. జులైలో ప్రోబో మీద ఈడీ సోదాలు జరిగాయి. ఆగస్టు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు 21న రాజ్యసభ దాటి, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, డబ్బు కట్టి గెలుపు ఆశించే ఆన్‌లైన్ ఆట నిషిద్ధమే. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డబ్బుతో నడిచే వ్యాపారాన్ని ప్రోబో వెంటనే ఆపేసింది. వేర్వేరు హైకోర్టుల్లో దాఖలైన సవాళ్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

అమెరికాలో కేంద్రం అనుమతిస్తోంది, రాష్ట్రాలు అడ్డుకుంటున్నాయి. ఇక్కడ రాష్ట్రాల జాబితాలోని విషయంలో కేంద్రమే దిగి నిషేధించింది. కేంద్రానికి ఆ అధికారం ఉందా అన్నది ఈ సవాళ్లలో ఒక ముఖ్య ప్రశ్న. నిషేధంతో పోయినదాంట్లో మొదట చెప్పుకున్న రొయ్యల ఎగుమతిదారు అవసరం కూడా ఉంది. సుంకం మీద రక్షణ కాంట్రాక్టు పెట్టే ఎక్స్ఛేంజీ భారత్‌లో లేదు. విదేశీ వేదికకు డబ్బు పంపుదామంటే లాటరీలు, స్వీప్‌స్టేక్స్ వంటివాటికి డబ్బు పంపడాన్ని ఫెమా (విదేశీ మారకం చట్టం) నియమాలు ఇప్పటికే నిషేధించాయి. ఈవెంట్ కాంట్రాక్టు వాటి కిందికి రాదని వాదించి నెగ్గడం తేలిక కాదు.

## ముందు జరగబోయేది

నెవాడా, న్యూజెర్సీ, మేరీలాండ్ కేసులు మూడు వేర్వేరు ఫెడరల్ అప్పీలు కోర్టుల పరిధిలోవి. అవి వేర్వేరుగా తేలిస్తే సుప్రీంకోర్టు పట్టించుకోక తప్పదు. రాష్ట్రాలు గెలిస్తే ఆటల కాంట్రాక్టులు రాష్ట్రాల లైసెన్సుల కిందికి వస్తాయి. కాల్షి వ్యాపారంలో సింహభాగం ఆటలదే కాబట్టి దాని లెక్కలన్నీ మారిపోతాయి. ఆర్థిక గణాంకాలు, తుఫాన్లు, సుంకాల వంటి కాంట్రాక్టులకు మాత్రం పెద్దగా ముప్పు లేదు. వాటి వాణిజ్య ప్రయోజనాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించడం లేదు. కంపెనీలు గెలిస్తే 51 శాతం పన్ను వేసే రాష్ట్రాలు ఆ రేటును నిలబెట్టుకోవడం కష్టం.

కాంగ్రెస్ తలచుకుంటే కోర్టులతో పని లేకుండా 2000లో తీసేసిన ఆర్థిక ప్రయోజనం పరీక్షను మళ్లీ చట్టంలో పెట్టొచ్చు. సుంకం కాంట్రాక్టు ఆ జల్లెడలో నిలుస్తుంది, ఆదివారం మ్యాచ్ జారిపోతుంది. ఎన్నికల కాంట్రాక్టు రెండింటి మధ్య ఊగుతుంది. దాని పరిస్థితి ఇప్పుడు కూడా అంతే. జడ్జి కాబ్ తీర్పు కింది కోర్టుది. సీఎఫ్‌టీసీ అప్పీలును వెనక్కి తీసుకోవడంతో పై కోర్టు దాని మీద ముద్ర వేయలేదు, కొట్టేయనూ లేదు. రేపు వేరే పార్టీ అధ్యక్షుడు నియమించిన కమిషన్ అదే ప్రశ్నను మరో కోర్టులో మొదటి నుంచి తిరగదోడడానికి అడ్డేమీ లేదు.